విశాఖలో వాతావరణ మార్పు మీద రాయాలంటే ఎవరిని అడగాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వెబ్ చానెల్‌లో చేరి ఏడాదైంది. విశాఖలో వాతావరణ మార్పు మీద వరుసగా కథనాలు ఇమ్మంటున్నారు, మొదటిది బీచ్ కోత మీద. ఏ ఆఫీసుకి ఫోన్ చేసినా "పైవాళ్లని అడగండి" అంటున్నారు. లేదంటే అన్ని విషయాల మీదా మాట్లాడే ఆ నలుగురే మళ్లీ మళ్లీ దొరుకుతున్నారు. నమ్మదగ్గ నిపుణుల్ని ఎలా పట్టుకోవాలి, ఫేస్‌బుక్‌లో వర్షం ఎప్పుడొస్తుందో చెప్పే కుర్రాళ్ల మాట రాయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. "వాతావరణ మార్పు నిపుణుడు" అనే ఒక మనిషి కోసం వెతక్కండి. అలాంటాయన లేడు. మీ కథలో ఉన్న ప్రశ్నని ముక్కలు చేయండి. ఒక్కో ముక్క మీద ఏళ్ల తరబడి పని చేస్తున్నవాళ్లు ఎవరో చూసి, ఆ ముక్క మటుకే వాళ్లని అడగండి. వాళ్లలో చాలామంది మీ ఆఫీసుకి పది కిలోమీటర్ల లోపే ఉంటారు. ఇంకోటి, మీరు అడిగినదాంట్లో కొంత భాగానికి "అది నా సబ్జెక్టు కాదు, ఫలానావాళ్లని అడుగు" అన్నవాళ్ల నంబరు భద్రంగా దాచుకోండి. నా డైరీలో చివరిదాకా మిగిలినవి ఆ నంబర్లే.

నేను ఈ ఊళ్లో పాతికేళ్లకు దగ్గరగా రిపోర్టింగ్ చేసి ఈ మధ్యే మానేశాను. కింద రాసేదాంట్లో సగం తప్పులు చేసి నేర్చుకున్నదే.

ముందు మన భాషతోనే ఒక చిక్కుంది. స్కూల్లో శీతోష్ణస్థితి వేరు, వాతావరణం వేరు, పర్యావరణం వేరు అని చదువుకున్నాం. న్యూస్ డెస్క్‌కి వచ్చేసరికి మూడూ కలిసి వాతావరణం అయిపోయాయి. మీరు ఫోన్ చేసి "వాతావరణం గురించి మాట్లాడాలండీ" అనగానే అవతలివాళ్లు రేపటి వర్షం అనుకుంటారు, ఇంకొకరు ఫ్యాక్టరీ పొగ అనుకుంటారు. తుఫాను హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్న అధికారి అల్పపీడనం ఎటు కదులుతోందో, గాలి ఎంత వేగంతో వీస్తుందో చెప్తారు. అది ఆయన పని. "ఇదంతా భూతాపం వల్లేనా సార్" అని అడిగితే ఆయన ఇబ్బంది పడతారు, పైవాళ్లని అడగమంటారు. తప్పు ఆయనది కాదు. ముప్పై ఏళ్ల సగటు గురించిన ప్రశ్న తీసుకెళ్లి రేపటి గురించి చెప్పే మనిషిని అడిగాం.

బీచ్ కోత అన్నారు కాబట్టి నా పరువు పోయిన కథ చెప్తాను.

హుద్‌హుద్ తుఫాను తర్వాత ఒక సీజన్లో ఆర్కే బీచ్ బాగా కోసుకుపోయింది. ఫుట్‌పాత్ పక్క మట్టి జారి, కెరటాలు రోడ్డు అంచు దాకా వస్తున్నాయి. ఫోటోలు అదిరాయి. సాయంత్రం ఐదింటికి నాకొక నిపుణుడు కావాలి. ఒక ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. ఆయన సబ్జెక్టు కెమిస్ట్రీ. కానీ ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తుతారు, తెలుగు చక్కగా మాట్లాడతారు, రెండు నిమిషాల్లో హెడ్డింగ్ ఇచ్చేస్తారు. "సముద్రమట్టం పెరుగుతోంది, అందుకే బీచ్ పోతోంది" అన్నారు. రాసేశాను. మొదటి పేజీలో వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రేవు పనుల్లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. తిట్టలేదు. "సాయంత్రం ఖాళీ ఉంటే సబ్‌మెరైన్ దగ్గరికి రా బాబూ, ఓ గంట నడుద్దాం" అన్నారు, అంతే. వెళ్లాను. తడి ఇసుక మీద గొడుగు మొనతో గీత గీశారు. ఇది డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇది హార్బర్ నోరు, ఇది మనం నిలబడ్డ చోటు. "ఇసుక ఒకచోట ఉండదు, నడుస్తుంటుంది" అన్నారు. నైరుతి రుతుపవనం కాలంలో కెరటాలు వాలుగా వచ్చి ఇసుకని ఉత్తరానికి, అంటే భీమిలి వైపు తోస్తాయి. చలికాలంలో కొంత వెనక్కి తెస్తాయి. ఏడాది మొత్తమ్మీద లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. ఆ దారికి అడ్డంగా 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లు, అంటే కెరటాల్ని ఆపే గట్లు, ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగిపోతుంది. ఆగినదాన్ని డ్రెడ్జర్‌తో, అంటే నీటి అడుగున తవ్వే ఓడతో, తీసి బీచ్ మీద పోస్తుంటారు. పోయడం ఆలస్యమైనా, తక్కువైనా, ఆ సీజన్లో బీచ్ సన్నబడుతుంది. "బీచ్‌కి రావాల్సిన బత్తెం రేవు దగ్గర ఆగిపోయిందయ్యా" అన్నారు.

"మరి సముద్రమట్టం పెరగడం అబద్ధమా సార్?" అని అడిగాను.

"ఎవరన్నారు? పెరుగుతోంది. ఎంత పెరుగుతోందో నాకు తెలీదు, దానికి వేరేవాళ్లున్నారు. ఈ ఏడాది ఈ చోట తెగిన ఒడ్డుకి మాత్రం ముందు ఇసుక లెక్క అడుగు."

అప్పటికి కెరటం వచ్చి ఆ బొమ్మ తుడిచేసింది. నేను ఆఫీసుకి వెళ్లి సవరణ వేద్దామంటే డెస్క్‌లో నవ్వారు.

కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారు అబద్ధం చెప్పలేదు, గమనించండి. రెండు నిజమైన విషయాల్ని "అందుకే" అనే మాటతో అతికించారు. మన కథనాల్లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ "అందుకే" దగ్గరే. మీరు నిపుణుణ్ని వెతకాల్సింది ఆ "అందుకే" కోసం. ఒడ్డు తెగింది అని చెప్పడానికి మీ కళ్లు చాలు.

ఆ రోజు నుంచి ఏ కథకైనా ముందు ఒక కాగితం మీద ప్రశ్నలు విడగొట్టేవాణ్ని. బీచ్ కోతనే తీసుకోండి. ఒడ్డు నిజంగా ఏళ్ల తరబడి వెనక్కి వస్తోందా, లేక ఈ సీజన్ మటుకేనా? ఇది ఉపగ్రహ చిత్రాలతో తీరరేఖని కొలిచేవాళ్ల ప్రశ్న. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం దేశం మొత్తానికీ ఈ లెక్కలు వేసింది. దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని వాళ్ల అంచనా. రాష్ట్రాలవారీ మ్యాపులూ ఉన్నాయి. ఇసుక ఎక్కడ ఆగుతోంది? తీర ఇంజినీర్లు, డ్రెడ్జింగ్ రికార్డులు. సముద్రమట్టం? ఇంకొకరు. తుఫాన్లు, అలల ఎత్తు? మరొకరు. ఒడ్డుకి ఇంత దగ్గరగా గోడ కట్టనిచ్చిందెవరు? అది సైన్సు కాదు, తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రశ్న. 1991, 2011, 2019 నోటిఫికేషన్లు మూడూ పక్కపక్కన పెట్టుకుని, అవి తెలిసిన లాయర్‌తో కూర్చోవాలి. ఇలా విడగొట్టాక ఒక్కో కథకి నలుగురైదుగురు తేలతారు. అందర్నీ కోట్ చేయక్కర్లేదు. ఇద్దరివి కోట్లు, మిగతావాళ్లవి మీరు తప్పు రాయకుండా కాపలా.

ఇక మనుషులెక్కడున్నారు అంటారా. ఈ విషయంలో విశాఖ రిపోర్టరు అదృష్టవంతుడు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటియరాలజీ, ఓషనోగ్రఫీకి కలిపి ఒక విభాగం ఉంది, దేశంలో పాతవాటిలో ఒకటి. 1950ల్లో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వచ్చి ఇక్కడివాళ్లతో కలిసి వాల్తేరు తీరంలో కొలతలు తీసిన చరిత్ర ఉంది దానికి. అదే క్యాంపస్‌లో జియాలజీ, మెరైన్ లివింగ్ రిసోర్సెస్, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ వేర్వేరుగా ఉన్నాయి. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయని ఒకరి ప్రశ్న ఇంకొకరిని అడక్కండి. లాసన్స్ బేలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ప్రధాన కార్యాలయం గోవాలో. సముద్ర ప్రవాహాలు, నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం లాంటివి వాళ్లు చూస్తారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) ప్రాంతీయ కేంద్రం ఊళ్లోనే ఉంది. రేవుల్లో ఏ చేప ఎంత దిగిందో దశాబ్దాలుగా లెక్క రాస్తున్న సంస్థ అది. చేపల కథ ఏది రాసినా ఆ లెక్క చూడకుండా రాయకండి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) అలల అంచనాలు, సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సూచనలు ఇస్తుంది.

ఏజెన్సీ వైపు, పంటల వైపు వెళ్తే చింతపల్లి, అనకాపల్లిలో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానాలున్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు టీవీలో కనిపించరు కాబట్టి మనకి గుర్తురారు. లంబసింగిలో పొగమంచు మీద ఏటా వంద రీల్స్ వస్తాయి. ఆ కొండల మీద కాఫీ తోటలకి పూత వానలు సమయానికి పడుతున్నాయా లేదా అని అడిగేవాళ్లు లేరు. నన్నడిగితే అసలు కథ అక్కడుంది. మెట్ట పంటల సంగతైతే హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా). అక్కడే 2011 నుంచి, వాతావరణ మార్పుని తట్టుకునే సాగు మీద నిక్రా అనే కార్యక్రమం నడుస్తోంది, జిల్లాలవారీగా ఎక్కడ ముప్పు ఎక్కువో లెక్క కట్టారు.

సంస్థ పేరు తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు. మనిషిని పట్టుకోవడానికి నేను వాడే దారి గూగుల్ స్కాలర్. విశాఖపట్నం అని కొట్టి, పక్కన షోర్‌లైన్ అనో, సీ లెవెల్ అనో, హీట్ స్ట్రెస్ అనో ఇంగ్లీషులో వేయండి. వచ్చిన పేపర్లలో గత ఐదారేళ్లవి చూడండి. రచయితల్లో మొదటి పేరు చూడండి. చివర ఉండే పెద్ద ప్రొఫెసర్ పేరు కాదు. సైకిలో బైకో వేసుకుని బీచ్ మీద కొలతలు తీసింది సాధారణంగా ఆ మొదటి పేరు మనిషే. ఇంకోటి శోధ్‌గంగ. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. మన తీరం మీద, మన గెడ్డల (వాగుల) మీద, మేఘాద్రిగెడ్డ జలాశయం మీద, కంబాలకొండ అడవి మీద ఎవరు పీహెచ్‌డీ చేశారో చూడండి. వాళ్లలో కొందరు ఇప్పుడు ఏ డిగ్రీ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటున్నారు. పదేళ్లలో వాళ్లకి ఒక్క విలేకరీ ఫోన్ చేసి ఉండడు. అలా దొరికిన ఒకావిడ, గెడ్డలు ఎక్కడెక్కడ మూసుకుపోయాయో నాకు నాలుగు గంటలు మ్యాపులు పరిచి చెప్పింది. "మీ పేరు రాస్తానమ్మా" అంటే, "రాయండి, కానీ వానలు పెరిగాయా అన్నది నేను చూడలేదు, అది నా నోట రాయకండి" అంది. అలాంటివాళ్లు కావాలి మనకి.

మొదటి ఫోన్‌లోనే నేను అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. "ఇది మీరు స్వయంగా కొలిచినదా, చదివినదా?" "ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా?" "మీతో ఒప్పుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్ల వాదన ఏమిటి?" మూడోదానికి చిరాకు పడ్డ మనిషి విషయంలో కాస్త జాగ్రత్త.

"ఏ ఏడాది నుంచి" అన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ. విశాఖలో సముద్రమట్టం ఏడాదికి ఎంత పెరుగుతోంది? మన రేవులో ఆటుపోట్ల మట్టం కొలిచే గేజి రికార్డు 1937 నుంచి ఉంది. 1937 నుంచి 2000 దాకా చూస్తే ఏడాదికి 0.97 మిల్లీమీటర్లు అని కేంద్ర భూవిజ్ఞాన శాఖ పార్లమెంటులో చెప్పింది. అదే శాఖ 2020లో వేసిన వాతావరణ మార్పు నివేదికలో, ఉత్తర హిందూ మహాసముద్రం మొత్తానికి 1993 నుంచి 2017 దాకా ఏడాదికి 3.3 మిల్లీమీటర్లు అని ఉంది. ఒకటి ఒక్క రేవులో పాత కాలానికి గేజితో కొలిచింది, రెండోది మొత్తం సముద్రానికి ఇటీవలి కాలానికి లెక్కగట్టింది. రెండూ సరైనవే. మూడోది, 2021 ఆగస్టులో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) నివేదిక వచ్చినప్పుడు నాసా ఆన్‌లైన్‌లో పెట్టిన అంచనాల పరికరం. అందులోంచి తీసి విశాఖకి 2100 నాటికి 1.77 అడుగులు అని అన్ని చానెళ్లూ వేశాయి, "మునిగిపోనున్న 12 నగరాలు" అని. ఆ పరికరంలో కాలుష్య ఉద్గారాలు ఎంత ఉంటాయన్న ఊహని బట్టి ఒక్కో అంకె వస్తుంది, ఒక్కోదానికీ కింది హద్దు, పై హద్దు ఉంటాయి. అవన్నీ వదిలేసి ఒక అంకె పట్టుకొచ్చారు. అడుగున్నర పైచిలుకు సముద్రం పెరిగితే ఊరు మునగదు, కానీ తుఫాను రోజున ఉప్పెన నీళ్లు ఇప్పటికన్నా లోపలికొస్తాయి. ఇది చప్పగా ఉంటుంది హెడ్డింగ్‌కి. ఏం చేస్తాం.

ఈ మూడు అంకెల్లో ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవాళ్లకన్నా, మూడింటి తేడా చెప్పగలిగినవాళ్లే మీకు కావాల్సింది. నేనైతే కొత్తగా పరిచయమైన నిపుణుల్ని ఈ ప్రశ్నతోనే తూకం వేసేవాణ్ని.

తుఫాన్ల సంగతీ ఇంతే. 2013 అక్టోబరు 12న పైలీన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ మన నెత్తినే దాటింది. ఊరంతా ఆ తేదీ గురించే మాట్లాడుకుంది, ఏటా వస్తుందనే భయం పట్టుకుంది. తుఫాన్ల మీద పని చేసిన ఒకాయన్ని అడిగితే, "అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. తేదీ కలవడం కాకతాళీయం" అని తేల్చేశారు. "అయితే వాతావరణ మార్పు ప్రభావం లేదా?" అంటే, ఆయన నన్ను ఆపి రెండు విషయాలు విడగొట్టారు. ఒక్క తుఫాను గురించి చెప్పడం వేరు, యాభై ఏళ్ల తీరు చెప్పడం వేరు. పైన చెప్పిన 2020 నివేదికలోనే ఉంది: ఉత్తర హిందూ మహాసముద్రంలో తుఫాన్ల మొత్తం సంఖ్య గత శతాబ్దం మధ్యకాలం నుంచి తగ్గింది, కానీ రుతుపవనాల తర్వాత వచ్చే అతి తీవ్ర తుఫాన్లు ఈ శతాబ్దంలో పెరిగాయి. మొదటి సగమే చెప్పేవాళ్లు ఒకవైపు, రెండో సగమే చెప్పేవాళ్లు ఇంకోవైపు మీకు దొరుకుతారు. ఇద్దరినీ పెట్టి "నిపుణుల్లో భిన్నాభిప్రాయాలు" అని రాసేస్తే బ్యాలెన్స్ అయినట్టు కాదు.

ఒక ఘటన వెనక వాతావరణ మార్పు వాటా ఎంతో లెక్కగట్టడం ఇప్పుడొక ప్రత్యేక శాస్త్రం. వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే బృందం ఆ పనే చేస్తుంది. 2023 ఏప్రిల్‌లో మన దేశంలో, బంగ్లాదేశ్‌లో వచ్చిన ఉక్క ఎండలకి అవకాశం వాతావరణ మార్పు వల్ల కనీసం 30 రెట్లు పెరిగిందని చెప్పింది వాళ్లే. ఆ పని చేయని మనిషి, ఎంత పెద్ద ప్రొఫెసరైనా, ఒక్క తుఫానుకి వాటా చెప్తే అది ఊహే. ఎవరూ లెక్కగట్టని ఘటన అయితే, ఇంకా లెక్కగట్టలేదని ఒక వాక్యం రాయండి.

ఇక ఫేస్‌బుక్ కుర్రాళ్లు. వాళ్లలో కొందరు నిజంగా సరుకున్నవాళ్లు. కైలాసగిరి మీది రాడార్ బొమ్మలు, ఉపగ్రహ చిత్రాలు చూసి ఏ వీధిలో ఎప్పుడు వాన పడుతుందో నాకన్నా ముందు చెప్పారు. రాబోయే మూడు గంటల కోసం చదవండి. కోట్ చేయాలనుకుంటే, ఏ డేటా చూసి చెప్పారో అడిగి, ఆ డేటా మీరూ చూడండి. ముప్పై ఏళ్ల మార్పు గురించి వాళ్లని అడక్కండి. తుఫాను రోజుల్లో మాత్రం అధికారిక బులెటిన్ తప్ప ఇంకేదీ వేయకండి. పడవలు ఆ మాట మీద కదులుతాయి, మీ లైకుల కోసం కాదు.

ఎండల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. విశాఖలో భారత వాతావరణ శాఖకి రెండు స్టేషన్లున్నాయి, వాల్తేరు ఒకటి, ఎయిర్‌పోర్టు ఒకటి. సముద్రపు గాలి తగిలే వాల్తేరుకీ కొండల మధ్యనున్న ఎయిర్‌పోర్టుకీ ఒకే రోజు తేడా వస్తుంది. నిన్న వాల్తేరు అంకె, ఇవాళ ఎయిర్‌పోర్టు అంకె రాసి "ఒక్కరోజులో ఎండ పెరిగింది" అని వేసిన పేపరు నేను చూశాను. కారు డ్యాష్‌బోర్డు ఫోటో పెట్టి 45 డిగ్రీలు అనేవాళ్ల సంగతి సరేసరి. వడగాలి అన్న మాటకీ నిర్వచనం ఉంది. తీరప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండి, అది మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి. మైదానంలో అయితే 40. మనకి 36 దగ్గరే ఉక్కతో ప్రాణం పోతుంది, కానీ నిర్వచనం ప్రకారం అది వడగాలి కాకపోవచ్చు. ఆ ఖాళీ గురించి అడగాల్సింది వాతావరణ శాఖని కాదు, కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్లని.

మత్స్యకారుల గురించి మీరు అడగలేదు, కానీ నేను చెప్పాలి. పెదజాలరిపేటలో నలభై ఏళ్లుగా వేటకెళ్తున్న ఒక పెద్దయ్య నాకు చాలా కథల్లో సాయం చేశాడు. ఒకసారి ఎడిటరు "సముద్రం వేడెక్కి చేపలు పోయాయని మత్స్యకారుడితో చెప్పించు" అన్నాడు. వెళ్లి, నీళ్లు వేడెక్కడం వల్లేనా పెద్దయ్యా అని అడిగాను. వల అల్లుతూ తలెత్తకుండానే అన్నాడు: "ఆ సంగతి నాకేటి తెలుస్తాది బాబూ. చేప దూరం ఎలిపోనాది, అది తెలుసు. ఎందుకెలిపోనాదో సదువుకున్నోళ్లని అడుగు." అదీ నిపుణుడంటే. ఎక్కడిదాకా వెళ్తున్నారు, ఏ చేప తగ్గింది, ఏ నెలలో అన్నవి ఆయనకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. కారణాలు మాత్రం పెద్ద బోట్ల పోటీ, ఒడ్డున కాలుష్యం, నీటి వేడి, అన్నీ కలిసి ఉండొచ్చు. అది విడగొట్టేది సీఎంఎఫ్ఆర్ఐ లాంటివాళ్లు. పెద్దవాళ్లని "ఎన్నేళ్ల క్రితం?" అని అడిగితే ఇరవై అంటారు, ముప్పై అంటారు. "హుద్‌హుద్‌కి ముందా, వెనకా? సునామీకి ముందా?" అని అడగండి. "మీ పెద్దమ్మాయి పెళ్లికి ముందా?" అని అడిగితే ఇంకా బాగా గుర్తొస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు.

డబ్బు సంబంధం కూడా చూసుకోవాలి. పరిశ్రమలకి పర్యావరణ ప్రభావ నివేదికలు రాసిచ్చే కన్సల్టెంట్లలో మంచి శాస్త్రవేత్తలున్నారు. వాళ్లతో మాట్లాడొద్దని అనను. ఒకసారి ఒక ప్రాజెక్టు మంచిదేనని ఒకాయనతో పెద్ద కోట్ వేశాక, ఆ ప్రాజెక్టు నివేదిక చివరి పేజీల్లో ఆయన పేరే కనిపించింది. అప్పటినుంచి "ఈ విషయంలో ఎవరి దగ్గరైనా ఫీజు తీసుకున్నారా?" అని అందర్నీ ఒకేలా అడుగుతాను, ఉద్యమకారుల్ని కూడా. నవ్వుతూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రిటైరైనవాళ్లు స్వేచ్ఛగా మాట్లాడతారు, అది లాభం. కొందరి డేటా వాళ్లు రిటైరైన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది, అది నష్టం.

ఇంకో గోతి చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే దీంట్లో చదువుకున్నవాళ్లూ పడుతున్నారు. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. కొండలు, అడవి దాదాపు అన్నీ అల్లూరి జిల్లాకి వెళ్లాయి. "విశాఖ జిల్లా సగటు వర్షపాతం" అని 2015 అంకెనీ 2024 అంకెనీ పక్కన పెడితే రెండు వేర్వేరు నేలల్ని పోల్చినట్టు. అడవి విస్తీర్ణం, వరి, కాఫీ, అన్నీ అంతే. ఎవరైనా జిల్లా అంకె ఇస్తే పాత జిల్లానా కొత్త జిల్లానా అని అడగండి. తడబడితే మండలంవారీ అంకెలు తీసుకుని మీరే కూడుకోండి.

ఫోన్ చేసే పద్ధతి. ప్రభుత్వ సంస్థల శాస్త్రవేత్తలకి పత్రికలతో మాట్లాడటానికి అనుమతి కావాల్సి రావచ్చు. అందుకని గడువు ఉన్న రోజు సాయంత్రం కాదు, పది రోజుల ముందు మూడు ప్రశ్నలు ఈమెయిల్ చేసి, డైరెక్టరుకి కాపీ పెట్టండి. పేరు వద్దంటే నేపథ్యం వరకు చెప్పమనండి, పేపర్ లింకు ఇమ్మనండి. అచ్చయిన పేపర్ని కోట్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రికార్డులు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కోట్ రాశాక, ఆ ఒక్క వాక్యం వాళ్లకి చదివి వినిపించండి. మొత్తం కథ పంపొద్దు. చాలామంది మనతో మాట్లాడకపోవడానికి కారణం గర్వం కాదు, ఇంతకుముందు ఎవరో వాళ్ల మాటని తిరగేసి వేశారు, పై అధికారి దగ్గర మాటపడ్డారు.

మీ బీచ్ కథకి నేనైతే ఇలా మొదలుపెడతాను. పోర్టుకి ఈమెయిల్: గత పదేళ్లలో ఏ నెలలో ఎంత ఇసుక తీసి ఆర్కే బీచ్‌లో పోశారు? తేదీలవారీగా. అది వచ్చేలోపు చెన్నై వాళ్ల తీరరేఖ మ్యాపులు దించుకుని, శోధ్‌గంగలో ఇద్దరి పేర్లు పట్టండి. వారం పాటు రోజూ ఒకే చోట నిలబడి, ఒకే వీధి దీపం స్తంభం కనిపించేలా ఫోటో తీయండి. ఆ ఫోటోలు, ఆ తేదీలు చేతిలో పెట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లినా పది నిమిషాలు అన్నవాళ్లు గంట కూర్చోబెట్టుకుంటారు. పోర్టు జవాబులో అంకెలు అర్థం కాకపోతే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.